సంగటి కట్టె చేతులు మారిన ఆదివారం

2017 జూలై 3, సోమవారం, ఉదయం ఆరు గంటలకు హిందూపురంలోని బాలికల కుస్తీ హాస్టల్లో వార్డెన్‌గా చేరాను. అంతకుముందు ఇరవై ఆరేళ్లు వ్యాయామ ఉపాధ్యాయినిని.

రిజిస్టరులో సీనియారిటీ చేరిన సంవత్సరాన్ని బట్టి. పిల్లల లెక్క వేరు. జిల్లా పతకం తెచ్చిన పిల్లకు మొదటి ముద్ద. తేనివాళ్లు ఆదివారం కట్టెతో రాగి సంగటి కెలకాలి, గెలిచినవాళ్ల బూట్లు మోయాలి. తలుపుల అనే ఊరి నుంచి వచ్చిన లక్ష్మీదేవి చేతిలో సంగటి కట్టె నాలుగేళ్లుగా ఉంది. కొత్తవాళ్లకు తొలి పట్లు నేర్పేదీ ఆమే.

అక్టోబరులో పెనుకొండలో జరిగిన జిల్లా ఎంపికల్లో ఆమెను ముదిగుబ్బ ఊరి రేణుక ఓడించి పతకం, రాష్ట్ర శిబిరంలో చోటు తెచ్చుకుంది. రెండో ఏడాది పిల్ల, లక్ష్మీదేవి నేర్పగా తయారైనదే. నాలుగేళ్లలో పతకం రాకపోతే సీటు పోతుంది. ఒక్క మినహాయింపు ఉంది. రాష్ట్ర శిబిరానికి ఎంపికైన పిల్ల, సాధనలో తనకు ఎదురు నిలబడే జోడీని కోరుకోవచ్చు. జోడీకి సీటు నిలుస్తుంది. రేణుక లక్ష్మీదేవి పేరు చెప్పింది. లక్ష్మీదేవి జవాబు ఆదివారం వచ్చింది.

ఆ రోజు వంటింట్లో కట్టె తిప్పుతూ అంది: "నేను నేర్పిన పిల్లకు నేను బూట్లు మోసేదా? ఇంటికి పోయి శెనక్కాయలు వొలుచుకుంటా."

"బూట్లు ఎవురు మోయమన్యారక్కా? నువ్వు పోతే నన్ను పడేసేదెవురు?" అంది రేణుక.

"ఎవురైనా పడేస్తారు పోమ్మే. నీకు ఇంగా మెడ దాచుకునేదే రాలా."

పిల్లలు నవ్వారు. రేణుక కూడా నవ్వింది. లక్ష్మీదేవి కట్టె తిప్పడం ఆపింది.

"సరే, వస్తా. మ్యాట్ మీద నువ్వు పెద్ద. దిగినాక నేను అక్కను. నీ బూట్లు నువ్వే మోసుకో. ఈ కట్టె గూడా పట్టు, నా చెయ్యి నొస్తాండాది."

పతకం ఉన్న పిల్ల సంగటి కెలకడం ఆ హాస్టల్లో అదే మొదలు. సంగటిలో పిండి ఉండలు కట్టింది, అడుగంటింది కూడా.

శిబిరం జాబితాలో రేణుక పేరు పైన, లక్ష్మీదేవి పేరు కింద రాశాను. ప్రయాణపు జాబితాలో చేరిన సంవత్సరం ప్రకారం లక్ష్మీదేవి పేరు పైన వచ్చింది. ధర్మవరంలో రైలు మారేటప్పుడు ఎవరి సంచి వారి భుజాన ఉంది. రేణుక రాష్ట్ర పోటీల సెమీఫైనల్లో ఓడి, కాంస్యంతో తిరిగొచ్చింది. లక్ష్మీదేవి మరుసటి ఏడాది శిక్షకురాలి కోర్సులో చేరింది.

గెలుపుకు ఒక వరుస, అనుభవానికి మరో వరుస ఉంటాయి. ఏది ఎక్కడ చెల్లుతుందో ముందే తేల్చుకుంటే రెండూ పక్కపక్కన నడుస్తాయి.

ఆ ఏడాది పోయినవి: ఒక సెమీఫైనల్, ఒక గిన్నె సంగటి, బూట్లు మోయించే ఆచారం.