మా పాముకు జత

మా ఇంట్లో పాము ఉందని తెలిసి ఇబ్రహీంపట్నంలో సగం మంది మా గడప తొక్కడం మానేశారు. మిగతా సగం మంది దాన్ని చూడ్డానికే వస్తారు. నాకు తలనొప్పి ఈ రెండో రకంతోనే.

అది కార్న్ స్నేక్. విషం లేదు. బెల్లం రంగు ఒళ్లు, దాని మీద ఎర్రటి మచ్చలు. ఆడది. మా ఆయనతో పనిచేసే ఒకాయన ఊరు మారుతూ గాజుపెట్టెతో సహా మాకు అప్పగించి వెళ్లాడు. మంచాల అనే ఊళ్లో పొలాల మధ్య పుట్టి పెరిగిన మా అత్తమ్మ మొదటిరోజు ఇంట్లోకి రాకుండా వాకిట్లోనే కూర్చుంది. ఆమె పాము అనే మాట కూడా నోటితో అనదు, పురుగు అంటుంది. దాని మేతకు తెచ్చిన చిట్టెలుకలు ఫ్రిజ్‌లో తన మామిడికాయ తొక్కు పక్కన కనబడిన రోజు నా పని అయిపోయిందనుకున్నాను. ఆమె మాత్రం మూలన పడున్న పాత చిన్న ఫ్రిజ్ బాగు చేయించి, "గిది నీ పురుగుకు. నా దాని జోలికి రాకు" అంది. ఇంకో అత్త అయితే పామును కాదు, నన్నే బయట పెట్టేది.

నాకు పెళ్లయి చాలా ఏళ్లయింది. పిల్లలు లేరు. దవాఖానలన్నీ తిరిగి మేం ఆపేశాం గానీ, అడిగేవాళ్లు ఆపలేదు. పాము వచ్చాక వాళ్లకు కొత్త కారణం దొరికింది. పక్కింటి అక్క ఒకరోజు గాజుపెట్టె ముందు కూర్చుని తేల్చేసింది.

"ఆడదాన్ని ఒంటిగ బంధించి పెట్టుకుంటె దోషం తాకుతది. జర దానికొక జత తీస్కరా. అది పిల్లల తల్లయితె నీ కడుపు గూడ పండుతది."

నేను నమ్మలేదు. కానీ నమ్మకుండా ఉండడానికి కూడా ఓపిక కావాలి. అది నాలో అప్పటికే అడుగంటింది. నగరంలో ఇలాంటి పాములనే పెంచే ఒకతనికి ఫోన్ చేశాను. అతను సంబరంగా మగపామును తెచ్చిచ్చాడు. "ఫికర్ చెయ్యకు అక్కా, పది ఇరవై గుడ్లు పెడ్తది, సగం నీకు, సగం నాకు" అన్నాడు. దాన్ని వేరే పెట్టెలో ఉంచి, మా దాన్ని జంతువుల డాక్టరుకు చూపించాను. "బాగా సన్నగుంది. ఈ ఒంటితో గుడ్లు లోపలే ఇరుక్కుంటే ప్రాణం పోవచ్చు. ఆపైన మీ ఇష్టం" అన్నాడాయన. ఇంటికొచ్చి రెండు పెట్టెల మధ్య కూర్చున్నాను. చెయ్యి ఒకసారి మూత మీదికి పోయేది, మళ్లీ వెనక్కి వచ్చేది.

అప్పుడే నాగుల పంచమి వచ్చింది. అత్తమ్మ మంచాల వెళ్లి, పుట్టలో పాలు పోసి, ఆ పాలతోనే ఆనవాయితీ ప్రకారం తన తమ్ముడి కళ్లు కడిగి, మిగిలినవి చిన్న చెంబులో పట్టుకొచ్చింది. మా పాము కోసమట.

"అది పాలు తాగదు అత్తమ్మా."

"తాగకుంటె నీ నెత్తి మీద పోస్త" అంటూ వంగి, పక్కనున్న పెట్టెను చూసింది. "గిదెవల్ది?"

చెప్పాను. డాక్టరు మాట కూడా చెప్పాను.

"అంతమంది పిల్లలను ఎవలింట్ల పెడ్తవ్? ఒక్కటి బయట పడ్తె గల్లీలోళ్లు కట్టెతోని సంపుతరు."

"అవ్."

"మరి ఎందుకు?"

పక్కింటి అక్క అన్నది చెప్పబోతే సగంలోనే ఏడుపొచ్చింది. అత్తమ్మ చెంబు కింద పెట్టి నా పక్కన కూర్చుంది.

"నేనెన్నడన్న అడిగిన్నా బిడ్డా నిన్ను?"

అడగలేదు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా అడగలేదు. అడిగిన ప్రతి ఒక్కరినీ గుర్తుపెట్టుకున్నాను గానీ, అడగని మనిషి పక్కనే రోజూ కూర్చుని అన్నం తింటున్నానని నాకు తట్టనే లేదు.

"దాని పాణం తీసి మనం కనేదేంది? వద్దు. వాళ్ల పురుగును వాళ్లకిచ్చెయ్" అంది. తర్వాత చెంబులో పువ్వు ముంచి నా గడ్డం పట్టుకుంది.

"అది అన్నదమ్ములకు కదా అత్తమ్మా చేసేది."

"నాకు తెల్వదా? కండ్లు మూస్కో."

చల్లటి పాలు రెప్పల మీదుగా చెంపల మీదికి కారాయి. నాకు తెలిసి మా వైపు ఏ కోడలికీ ఆ భాగ్యం దక్కలేదు.

మర్నాడే మగపామును పంపించేశాను. మా పాము ఇప్పుడు కాస్త ఒళ్లు చేసింది, ఒంటరిగా హాయిగా ఉంది. ఆ మధ్య పక్కింటి అక్క వచ్చి, "ఏమాయె, గుడ్లు పెట్టిందా?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపు, చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న అత్తమ్మ తలెత్తకుండానే జవాబిచ్చింది.

"మా ఇంట్ల ఆడోళ్లను గా మాట అడగం."