మాణిక్యమ్మ బెజవాడ చూసిన రోజు

మాణిక్యమ్మది దివిసీమలో సముద్రానికి దగ్గరి పల్లె. భర్త అంతోని చేపలు ఎండబెట్టి, లారీ ఎక్కించి బెజవాడలో అమ్ముకొచ్చేవాడు. వచ్చిన ప్రతిసారీ ఆ ఊరి కబుర్లే. "వన్ టౌన్‌లో ఎండుచేపల బజారుకెళ్ళి నా పేరు చెప్పు, కుర్చీ వేసి కూర్చోబెడతారు" అనేవాడు. నన్నూ ఒకసారి తీసుకెళ్ళు అని మాణిక్యమ్మ అడిగితే, పిల్లలు కాస్త పెద్దవాళ్ళవనీ అనేవాడు.

డెబ్భై ఏడు నవంబరు తుఫానుకి సముద్రం ఊరి మీదికొచ్చింది. అంతోని పోయాడు, పిల్లలిద్దరూ పోయారు. మాణిక్యమ్మ ఒక తుమ్మచెట్టు కొమ్మల్లో చిక్కుకుని మిగిలింది. ఒంట్లో దిగిన ముళ్ళు తీయడానికే వారం పట్టింది.

తర్వాత ఒక సహాయ సంఘం వాళ్ళు కొందరు ఆడవాళ్ళని పటమటలో ఒక హాస్టలుకి తీసుకొచ్చారు. వేళకి అన్నం పెట్టేవారు, ప్రార్థన చేయించేవారు. మాణిక్యమ్మ గోడవైపు తిరిగి పడుకునేది. ఒకరోజు హాస్టలు చూసుకునే ఎలిజబెత్ గారు వచ్చి, "రేపు మీకు ఊరంతా నడిపించి చూపిస్తామమ్మా. మనసు కాస్త తేలికపడుతుంది" అంది. అన్ని రోజుల తర్వాత మాణిక్యమ్మ ఆ పూట తల దువ్వుకుంది.

పొద్దున్నే జాన్‌బాబు వచ్చాడు. కాలేజీ చదువు అయిపోయిన కుర్రాడు, మెళ్ళో విజిల్. ఆడవాళ్ళని ఇద్దరిద్దరిగా వరసలో నిలబెట్టాడు. ముందు ఇద్దరు మనుషులు ఒక గుడ్డ బ్యానరు పట్టుకున్నారు. మాణిక్యమ్మకి చదువు రాదు. పక్కనున్న రావమ్మని అడిగితే, "తుఫాను బాధితులు అని రాశారే" అంది.

బందరు రోడ్డు పట్టుకుని నడిచారు. జాన్‌బాబు మంచివాడే. ఇది ఫలానా సినిమా హాలు, అది ఫలానా వారి ఆస్పత్రి అని ఓపికగా చెబుతున్నాడు. మాణిక్యమ్మ అన్నీ చూస్తోంది. రిక్షాలు, మేడలు, కాలవలో గడ్డిపడవ. అయితే జనం కూడా ఆగి వీళ్ళని చూస్తున్నారు. కొట్ల ముందు జాన్‌బాబు విజిల్ ఊది వరసని ఆపేవాడు. పాత చీరో, గిన్నో ఎవరో ఒకరు తెచ్చిచ్చేవారు. "ఈమెకి ఎవరు పోయారు?" అని ఒకాయన మాణిక్యమ్మని చూపించి అడిగాడు. "భర్త, ముగ్గురు పిల్లలండీ" అని జాన్‌బాబే చెప్పేశాడు.

"ఇద్దరు బాబూ" అంది మాణిక్యమ్మ.

అతను అప్పటికే పక్కామె గురించి చెబుతున్నాడు.

వన్ టౌన్ సందుల్లోకి వచ్చేసరికి ఎండ ముదిరింది. తోపుడుబళ్ళ మధ్య నుంచి ఒక ఆంబోతు వచ్చి, బ్యానరు చివర నోట కరుచుకుని నమలడం మొదలెట్టింది. పట్టుకున్నాయన ఇటు లాగుతున్నాడు, అది అటు లాగుతోంది. జాన్‌బాబు దాని మొహం మీద విజిల్ ఊదుతున్నాడు. అది కళ్ళు మూసుకుని నమిలింది. మాణిక్యమ్మకి నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయింది. రావమ్మ కూడా కొంగు నోట్లో కుక్కుకుని ఊగిపోయింది.

జాన్‌బాబు పరుగున వచ్చాడు. "ఏంటమ్మా ఇది! జనం చూస్తున్నారు. పిల్లలు పోయినవాళ్ళు ఇట్లా నవ్వుతారా?"

బట్టల కొట్టు మెట్ల మీద ఒకావిడ కొత్త చీర పట్టుకుని నిలబడి ఉంది. "నిజంగా పోయారా దీని పిల్లలు?" అని అతన్నే అడిగి, చీరని మాణిక్యమ్మ వెనకామెకి ఇచ్చింది.

మాణిక్యమ్మకి ఒళ్ళు మండింది. "ఊరు చూపిస్తామన్నారు గదా బాబూ. మమ్మల్ని చూపించడానికా తీసుకొచ్చింది?" అంది.

"మీ మంచికేనమ్మా చేసేది. వరసలోకి రా."

ఆమె రాలేదు. ఎదురుగా ఉన్న సందులోకి తిరిగి నడిచింది. వెనక విజిల్ మోగుతూనే ఉంది. వాళ్ళనీ వీళ్ళనీ అడుక్కుంటూ ఎండుచేపల బజారు చేరింది. వాసన తగిలింది. అంతోని చొక్కా వాసన అది.

"దివిసీమ అంతోని తెలుసాండీ? ఆయన భార్యని" అని మొదటి కొట్టులో అడిగింది. తెలియదన్నారు. ఆ పక్కాయనా తెలియదన్నాడు. చివరి కొట్టులో ముసలాయన త్రాసు దించి ఆలోచించాడు. "అటు నుంచి బోలెడుమంది వస్తారమ్మా. ఎవరని గుర్తుంటారు? ఏం, సరుకు తెచ్చావా?" అన్నాడు.

లేదంది. బస్తాల పక్కన నేల మీద కూర్చుని అక్కడే ఏడ్చింది. బేరాలు సాగుతూనే ఉన్నాయి. కాస్త పక్కకి జరగమని ఎవరో అన్నారు, జరిగింది.

దారి అడుగుతూ సాయంత్రానికి పటమట చేరింది. "నీ వల్ల మా అందరికీ చెడ్డపేరు" అని ఎలిజబెత్ గారు కోప్పడింది. మర్నాడు మిగతావాళ్ళని ఇంకో పేటకి తీసుకెళ్ళారు. ఈమెని వంటింట్లో గిన్నెలు తోమమన్నారు.

కొన్నాళ్ళకి అందరినీ వెనక్కి పంపారు. తుఫానుకి మిగిలిన ఆడవాళ్ళకి మిగిలిన మగవాళ్ళతో పెళ్ళిళ్ళు చేస్తూ, ఊరి పాస్టరుగారు మాణిక్యమ్మని పుల్లయ్యకిచ్చి చేశాడు. అతనికీ ఎవరూ మిగల్లేదు. ఇద్దరూ ఆ సంగతులు ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఏడాదికి తుఫాను రోజు తిరిగొచ్చినప్పుడు పట్నం నుంచి కార్లలో మనుషులొచ్చి, దేవుడెట్లా కాపాడాడో అందరి ముందూ సాక్ష్యం చెప్పమని ఆమెని అడిగారు. చెప్పనంది. పుల్లయ్య లేచి చెప్పాడు, చెబుతూ ఏడ్చాడు. వాళ్ళు ఫోటో తీసుకుని అతనికి ఒక ఉన్ని దుప్పటి ఇచ్చారు. మాణిక్యమ్మ దాన్ని కప్పుకోలేదు. పారేయడానికీ చేతులు రాలేదు. పాప పుట్టాక నాలుగు మడతలు వేసి పిల్ల కింద పరిచింది.