సుసన్న బిగించిన ఆయిల్ సీల్

కంటి ఆపరేషన్ మొగుడు సాల్మన్ రాజుకైతే, కాలూ చేయీ ఆడనిది సుసన్నకు. ఆయనకు పనికొచ్చేది ఒక్క కన్నే. రెండోది చిన్నప్పుడే చెరుకు తోటలో ఆకు కోసుకుని పోయింది. ఆ మిగిలిన కంటికి పొర తీసి, పచ్చ గుడ్డ కట్టి, కొన్నాళ్లు వంగొద్దు, బరువెత్తొద్దు, మాట వినకపోతే చూపు మీద ఆశ వదులుకోవాలని దవాఖానలో గట్టిగా చెప్పి పంపారు.

చెప్పిన మాట వినడం సాల్మన్ రాజు ఇంటా వంటా లేదు. సుసన్న భయమంతా అదే.

ఇబ్రహీంపట్నంలో వాళ్లకొక చెరుకు రసం బండి ఉంది. చెరుకు చెక్కేది, రసం తీసేది, గిరాకీతో వాదులాడేది సుసన్న. రోలర్లను తిప్పే చిన్న డీజిల్ ఇంజన్ మాత్రం ఆయన సొత్తు. తుడవడానికైనా ఆమెను చేయి పెట్టనిచ్చేవాడు కాదు. దాన్ని తుడిచే గుడ్డను భుజాన వేసుకుని తిరిగేవాడు, ఆపరేషనయ్యాక కూడా దిండు కింద పెట్టుకున్నాడు. నువ్వు కట్టుకున్నది నన్నా, ఆ ఇంజన్‌నా అని సుసన్న చాలాసార్లు అడిగింది. ఇంతవరకు జవాబు రాలేదు.

ఆ ఇంజన్ నూనె కక్కడం మొదలుపెట్టింది. రసంలో నూనె వాసన వస్తోందని గిరాకీ ముఖం తిప్పుకుపోతుంటే, మెకానిక్ అన్సార్ పొద్దున్నే ఇంటికొచ్చి చూశాడు. షాఫ్ట్ అనే తిరిగే కడ్డీ చుట్టూ నూనె బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగు, అదే ఆయిల్ సీల్, అరిగిపోయిందన్నాడు. షాఫ్ట్ చివర బెల్టు చక్రం, పుల్లీని ఊడదీసి, కొత్త సీల్ సుసన్న చేతిలో పెట్టాడో లేదో, బాలాపూర్‌లో అత్తకు సీరియస్‌గా ఉందని ఫోనొచ్చింది. ఉన్నపళంగా బయల్దేరిపోయాడు. ఇంజన్ తెరిచింది తెరిచినట్టే ఉంది, గోడకు ఆనించిన చెరుకు ఎండుతోంది, మర్నాడేమో వారపు అంగడి.

మంచం మీద నుంచి సాల్మన్ రాజు కాళ్లు కింద పెట్టాడు.

"నాలుగు దెబ్బల పని. కన్నెందుకు, చేతులు సాలు."

"నువ్ వంగినవంటే నా మీద ఒట్టే. ఆ నాలుగు దెబ్బలు నేను కొడ్త," అంది సుసన్న. అన్నాక గానీ ఏమన్నదో ఆమెకు తట్టలేదు.

ఆయన మంచం మీద నుంచే పని చెప్పసాగాడు. షాఫ్ట్‌కు గీతలు పడకుండా స్క్రూడ్రైవర్ మొనకు గుడ్డ చుట్టి సుసన్న పాత సీల్‌ను పెకిలించింది. అది ఎగిరి చెరుకు పిప్పి కుప్పలో పడింది. అప్పుడు మొదలైంది గందరగోళం. కొత్త సీల్‌కు రెండు ముఖాలున్నాయి. ఏది లోపలికి, ఏది బయటికి?

అన్సార్‌కు ఫోన్ చేస్తే, అక్షరాలున్న దిక్కు బయటికి పెట్టమని చెప్పి పెట్టేశాడు. కొంగరకలాన్ ఫ్యాక్టరీలో పనిచేసే కూతురు రూత్, రబ్బరులోని సన్న స్ప్రింగ్ కనిపించే దిక్కు నూనె వైపు ఉండాలంటూ వీడియో పంపింది. సాల్మన్ రాజేమో నోరు లోపలికని ఒకటే పాట. ముగ్గురూ చెప్పింది ఒకటే ముక్క. కానీ ఒకరు అక్షరమని, ఒకరు స్ప్రింగని, ఒకరు నోరని చెబితే ముగ్గురూ మూడు దారులు చూపినట్టే తోచింది సుసన్నకు. తిప్పి చూసింది, మళ్లీ తిప్పి చూసింది. ఎటు చూసినా నోరులాగే ఉంది. పెళ్లినాడు కూడా ఇంత అయోమయం లేదనుకుంది.

చివరికి వెళ్లి పిప్పి కుప్పంతా కెలికి పాత సీల్‌ను పట్టుకుంది. దానికి ఒక ముఖం నూనెతో నిగనిగలాడుతోంది. రెండో ముఖం మీద ఏళ్ల నాటి పిప్పి ధూళి మందంగా పేరుకుని ఉంది. ధూళి పట్టిందంటే బయట ఉన్నట్టే కదా! గోరుతో గీకితే ధూళి కింద అక్షరాలు కనిపించాయి. ఇక ఎవరినీ అడగలేదు.

సీల్ లోపలి అంచుకు గ్రీసు రాసింది. షాఫ్ట్ మీది గాడి రబ్బరును కోయకుండా కవర్ ముక్క చుట్టి, దాని మీదుగా సీల్‌ను జరిపి, కవర్ లాగేసింది. సుత్తితో నేరుగా కొడితే సీల్ వంగిపోతుందట. అన్సార్ అయితే పైపు ముక్క పెట్టి కొడతాడు. పైపు ఎక్కడుంది? ఉన్నదంతా చెరుకే. గట్టి గణుపున్న ముక్క నరికి, కొత్త సీల్ మీద పాత సీల్ పెట్టి, దాని అంచున చెరుకు ముక్క ఆనించి మెల్లగా కొట్టింది. ఒక పక్క దిగితే ఇంకో పక్క లేచింది. ఆ పక్క కొడితే ఈ పక్క లేచింది. తిట్టుకుంటూ, ప్రార్థించుకుంటూ చుట్టూ తిప్పి తిప్పి కొడితే, ఎట్టకేలకు అంచు చుట్టూ సమంగా కూర్చుంది. పాత సీల్‌ను తీసేసింది.

పుల్లీ బిగించకుండానే తాడు గుంజి ఇంజన్‌ను కాసేపు నడిపించింది. ఆపేసి, చాయ్ పెట్టి తెచ్చేసరికి సీల్ కింద అంచు నుంచి నల్లటి చుక్క కారుతోంది. సుసన్న చాయ్ గ్లాసు ఠక్కున కింద పెట్టింది. ఆ చప్పుడుకే సాల్మన్ రాజుకు అర్థమైపోయింది.

"కార్తుందా?"

ఆయన మంచం దిగి, గోడ తడుముకుంటూ వచ్చి, ఇంజన్ మీద చేయి వేసి నడుము వంచబోయాడు. సుసన్న రెండు భుజాలూ పట్టి ఆపింది. ఆయన విదిలించాడు. ఒట్టు గుర్తు చేసింది. వినలేదు. అరవాలో ఏడవాలో తోచక ఆమె ఆ పాడు చుక్క వైపే చూసింది. చుక్క చుట్టూ చీమలు. డీజిల్ ఇంజన్ నూనెకు చీమలెందుకొస్తాయి?

వేలితో అద్ది నాలుక మీద పెట్టుకుంది. ఇంకోసారి అద్ది, ఏమీ చెప్పకుండా ఆ వేలిని మొగుడి నోట్లో పెట్టింది.

సాల్మన్ రాజు వంగబోయిన వాడల్లా ఆగిపోయాడు.

"తియ్యగుందేంది?"

"చెరుకు ముక్కతోని కొట్టిన. దాని రసమే కారుతుంది. జిడ్డు గల్సి నల్లగైంది."

ఆయన నిటారుగా నిలబడ్డాడు. వంగకుండానే చేయి చాపి, సీల్ అంచు చుట్టూ నెమ్మదిగా తడిమాడు. ఎక్కడా ఎత్తుపల్లం తగల్లేదేమో, ఇంకోసారి తడిమాడు. సీల్ ఏ దిక్కు పెట్టినవని అడిగాడు. నోరో స్ప్రింగో నాకిప్పటికీ ఎర్కలేదు, దుమ్మున్న దిక్కు బయటికి పెట్టిన అంది సుసన్న.

ఆయన మంచం దాకా తడుముకుంటూ వెళ్లి, దిండు కింద నుంచి ఇంజన్ తుడిచే గుడ్డ తీసి ఆమె వైపు చాపాడు.

"నువ్వే తుడువ్," అన్నాడు. "చీమలు వడ్తయ్."