పిన్ని తన మీద వేసుకున్న తప్పు

ఈ ఉక్కు ఊళ్లో, మాంగో అనే పేటలో మా పక్కింటి నర్సు పిన్ని గత ఆదివారం కన్నుమూసింది. ఆమె మంచితనం చెప్పాలంటే ముందు నా వెధవతనం చెప్పుకోవాలి. నా భార్య కూడా ఈ సంగతి మొదటిసారి ఇక్కడే చదువుతుంది.

పిన్ని ఎవరింటికి వెళ్లినా కూర్చోకముందే ఆడపిల్లల కింది కనురెప్ప లాగి చూసేది. "పాలిపోయినావేటే, ఆకుకూర తింతన్నావా?" అనేది. పెళ్లిపీటల మీది పెళ్లికూతుర్ని కూడా వదల్లేదు.

నా భార్యకు మూడో నెలలో రక్తం పరీక్షిస్తే సికిల్ సెల్ అనే రక్తపు జబ్బుకు వాహకురాలని తేలింది. భర్తకూ ఉంటే బిడ్డకు జబ్బు రావచ్చు, అతన్నీ చూడాలన్నారు. నేను కాంట్రాక్టు వెల్డర్ని. రక్తంలో ఏదో ఉందంటే ఫ్యాక్టరీ గేట్ పాస్‌కి చేసే మెడికల్లో అన్‌ఫిట్ రాస్తారని భయపడ్డాను. నా పేరుతో స్నేహితుణ్ణి పంపాను. అతని రక్తంలో ఏమీ లేదు. ఇంట్లో అందరితో పాటు నేనూ సంబరపడ్డాను.

పిన్ని పనిచేసేది ఆ పరీక్షలు చేసిన నర్సింగ్‌హోమ్‌లోనే. రిపోర్టు చూసి నన్ను పెరట్లోకి పిలిచింది.

"నిరుడు రక్తదానానికి నిన్ను తీసుకెళ్లింది నానే గదా. నీది ఓ గ్రూపు. కాగితంలో బి అని ఉందేటి నాయనా?"

స్నేహితుణ్ణి పంపానని ఒప్పుకున్నాను. చివరికి గేట్ పాస్ సంగతి చెప్పాను.

"కడుపులో బిడ్డకి నీ గేట్ పాస్‌తో ఏటి పని? పద."

నాకూ ఉందని తేలింది. నా భార్య పొట్టలోకి సూది దింపి బిడ్డను పరీక్షించారు. ఫలితం వచ్చేదాకా ఆమెకు అన్నం సయించలేదు. బిడ్డకు జబ్బు లేదన్నారు.

మొదటి రిపోర్టు ఎందుకు తప్పొచ్చిందని మా అత్తగారు నిలదీసింది. నేను నోరు తెరిచేలోపే పిన్ని అంది: "రక్తం సీసాల మీద పేర్లు నానే తారుమారు రాసేసినానమ్మా."

అత్తగారు ఆమెను నానా మాటలూ అంది. నర్సింగ్‌హోమ్ వాళ్లు ఆమెను ఆ పని నుంచి తప్పించారు. అత్తగారు తిడుతున్నంతసేపూ నేను అక్కడే కూర్చుని టీ తాగాను.

ఎందుకలా చెప్పావని తర్వాత అడిగాను.

"కానుపు ముందు మొగుడి మీద నమ్మకం పోతే దానికి బలం ఎక్కణ్నించి వత్తాది? తర్వాత నువ్వే సెప్పు."

కాన్పయింది. పాప బడికి కూడా వెళ్తోంది. నేను చెప్పలేదు. పిన్ని ఒక్కసారీ గుర్తు చేయలేదు. అదే నాకు అలుసైపోయింది.

ఆదివారం ఆమెను పాడె మీదికి చేర్చేముందు నా భార్య పిన్ని కాళ్ల దగ్గర కూర్చుంది.

"మా అమ్మ నిన్ను అనరాని మాటలంది పిన్నీ. నువ్వు పొరపాటు సేసినా, నాను ఏనాడూ మనసులో పెట్టుకోలేదు."

నేను వెనకే నిలబడి ఉన్నాను. నా భార్య లేచేదాకా ఆగి, పిన్నికి దండ వేశాను.