కిటికీకి అడ్డంగా కట్టిన బొమ్మ

మగ్గం పని చేసేవాళ్లంతా ఆమెను టపాకాయ అనేవారు. ఎదురుగా కాదు, వెనకాల. ఆమెకు తెలుసు, పట్టించుకునేది కాదు. చిన్నప్పుడు పెద్దమ్మ దగ్గర గొలుసు కుట్టు నేర్చుకునేటప్పుడే దారం చిక్కుపడితే పళ్లతో పుటుక్కున కొరికి పారేసేది. "కోపం నోట్లో పెట్టుకోవే, వేళ్లలోకి రానివ్వకు" అని పెద్దమ్మ నెత్తిన మొట్టేది. ఆ ఒక్క మాటా విన్నది. నోరు గయ్యిమంటున్నా సూది నిదానంగానే నడిచేది.

బట్టల దుకాణం మేడమీద గదిలో చెక్క చట్రానికి గుడ్డ బిగించి, చుట్టూ నేలమీద కూర్చుని నలుగురు కుట్టేవారు. జరీ పని, అద్దాల పని అందరికీ వచ్చు. తెల్ల గుడ్డమీద తెల్ల దారంతో చేసే చికన్ పని మాత్రం టపాకాయ తోడికోడలిదే. ఆవిడ నోట్లో నాలుక లేని మనిషి. ఆ పనికి వీధివైపు కిటికీ వెలుతురే ఆధారం.

ఒకరోజు పొద్దున వచ్చేసరికి గది చీకటి గుయ్యారంగా ఉంది. దుకాణం ముందు పెద్ద ఫ్లెక్సీ కట్టారు. దానిమీద జరీ రవిక వేసుకుని ఒక పిల్ల పళ్లన్నీ కనపడేలా నవ్వుతోంది. కిటికీ మొత్తం ఆ పిల్ల వెనక్కి వెళ్లిపోయింది.

"ట్యూబ్‌లైటు ఉంది కదమ్మా" అన్నాడు యజమాని.

"మా అక్క తెలుపు మీద తెలుపు కుడుతోందండీ. ఆ లైటు కింద గుడ్డేదో దారమేదో తెలిసి చావట్లేదు."

"సీజను అయ్యేదాకా కాస్త సర్దుకోండి."

సీజను అయిపోయింది. ఫ్లెక్సీ అక్కడే ఉంది. తోడికోడలి కళ్లు ఎర్రబడి నీళ్లు కారేవి. సాయంత్రానికి తలకు గుడ్డ బిగించి కట్టుకుని ఇంటికి నడిచేది. ఒకరోజు ఆవిడ కుట్టిన చొక్కాలో పూలతీగ పక్కకు పోయిందని కొన్నవాళ్లు తిప్పి పంపారు. యజమాని పైకొచ్చి దాన్ని ఆవిడ ఒళ్లోకి విసిరాడు. "కళ్లు కనపడకపోతే ఇంట్లో కూర్చోవచ్చుగా!"

"తప్పు నాదేనండీ. విప్పి మళ్లీ కుడతాను" అంది తోడికోడలు.

ఆ మాటకు టపాకాయకు ఒళ్లు మండిపోయింది. యజమాని మెట్లు దిగాడో లేదో కత్తెర తీసుకుంది. కిటికీ రెక్కలు బార్లా తెరిచి, ఫ్లెక్సీని కిటికీ మేర ఈ చివరి నుంచి ఆ చివరికి పరపరా కోసేసింది. నవ్వుతున్న పిల్ల నడుములోంచి ఆమె తల బయటికి వచ్చింది. వీధిలో జనం ఆగిపోయారు.

"ఏమ్మా, లోపలేం చేస్తున్నావ్?" అని అరిచాడు టీ కొట్టువాడు.

"ఈ బొమ్మ వేసుకున్న రవిక కుట్టింది ఎవరో చూపిస్తున్నా!"

యజమాని రొప్పుతూ పైకొచ్చాడు. "ఏం చేశావో తెలుస్తోందా నీకు?"

"ఇప్పుడే తెలుస్తోందండీ. వెలుతురొచ్చిందిగా."

"దిగు కిందికి! మళ్లీ ఈ గడప తొక్కావంటే చూడు."

ఆమె మిగతావాళ్లవైపు చూసింది. ఎవరూ తల ఎత్తలేదు. "లే అక్కా, పోదాం" అంది. తోడికోడలు సూది బెజ్జంలోకి చూస్తూ కూర్చుండిపోయింది.

యజమాని మీద కోపం వీధి మలుపు దాకానే. అక్క మీద కోపం ఇంటిదాకా వచ్చి అక్కడే తిష్ఠ వేసింది. ఇద్దరివీ ఎదురెదురు వాటాలు. టపాకాయ తన వరండాలో చట్రం పెట్టుకుంది, తెలిసినవాళ్లు పని తెచ్చి ఇచ్చారు. అక్క కనిపిస్తే చాలు, గిన్నెలు ధనామని పడేవి. "మాట్లాడొచ్చు కదే" అన్నాడు భర్త. "మీ వదిన మీద అంత బెంగగా ఉంటే మీరే మాట్లాడండి."

చాలాకాలానికి ఒక మధ్యాహ్నం తోడికోడలు వచ్చి చట్రానికి అవతల కూర్చుంది.

"మానేశాను. నువ్వు కోసిన చోట అట్ట అడ్డం పెట్టించాడు."

"ఆ రోజు లేవలేదేం?"

"భయమేసింది."

"నాకు వెయ్యలేదా?"

"నీకు కోపముంది కదే. నాకేముంది?"

టపాకాయ ముదురు రంగు గుడ్డ, లావుపాటి దారం ఆవిడ ముందుకు తోసింది. తెల్ల పని ఆ కళ్లకు ఇక అందదని చూడగానే తెలిసిపోయింది. సూదిలో దారం ఎక్కించలేక అక్క తడుముకుంటుంటే విసురుగా లాక్కుని తనే ఎక్కించి ఇచ్చింది. ఆపైన దుకాణం వాణ్ణి తిట్టడం మొదలుపెట్టింది. వాడి నోరు, వాడి సీజను, వాడి ట్యూబ్‌లైటు, ఏదీ వదల్లేదు.

ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు, తల ఎత్తకుండానే, అక్క కూడా ఒక తిట్టు అందించింది. అది టపాకాయ కూడా ఎన్నడూ నోట పలకని తిట్టు.