గొంగడికి పడిన చిల్లు

మొన్న సూర్యాపేట బస్టాండులో వాన పడుతుంటే, గొర్రెలు కాసే ఒకాయన తడిసిన గొంగడి కప్పుకొని వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఆ ఉన్ని వాసన తగిలిందో లేదో నాకు కాలు నిలవలేదు. లేచాను, మళ్లీ కూర్చున్నాను, గడియారం చూసుకున్నాను. "ఏంది పెద్దాయనా, బస్సు యాళ్లయిందా?" అని అడిగాడాయన. బస్సుకు ఇంకా గంట ఉంది. నిలకడ లేకపోవడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. దాన్ని కుదర్చాలని చూసిన మనిషి ఒక్కడే, దావీదు సార్.

సార్‌ది కోదాడ. యుద్ధకాలంలో కుర్రాళ్లకు విమానం నడపడం నేర్పి, యుద్ధం అయ్యాక ఊరికి తిరిగొచ్చాడు. కోదాడలో రైసుమిల్లు యజమాని ఒకాయన మోజుపడి రెండు సీట్ల పాత విమానం కొని, సార్‌ను జీతానికి పెట్టుకున్నాడు. నేను ఆ మిల్లులోనే మిర్యాలగూడ లారీ తోలేవాణ్ని. లారీ తోలినవాడికి విమానం ఒక లెక్కా అని ఎగబడి నేర్చుకున్నాను. ఎండ పూట బాగానే వచ్చింది.

చిక్కంతా మబ్బుతోనే. నిజాం మీదికి సైన్యం వచ్చిన మరుసటి ఏడాది అది. మూసీకి అవతల, మిర్యాలగూడ వైపు ఆకాశమంతా వాళ్ల చేతిలో ఉండేది. ప్రైవేటు విమానం నది దాటితే లైసెన్సు పోయినట్టే. కిందినుంచి కాల్చినా అడిగే దిక్కు లేదు. ఎండలో నది కనిపిస్తుంది. మబ్బులో ముక్కు కూడా కనిపించదు. అందుకే మబ్బులో ఎగరాలంటే, బయటికి చూడకుండా, కేవలం పరికరాల మీది ముళ్లు చూసి నడపగలడని గురువు సంతకం పెట్టిన కాగితం కావాలన్నారు.

సార్ నన్ను వెనక సీట్లో కూర్చోబెట్టి, పైన నల్ల గొంగడి కప్పి, అంచులు తాళ్లతో బిగించేవాడు. ముందు సీట్లో తను. మధ్యలో మాట వినిపించడానికి రబ్బరు గొట్టం. లోపల ఉక్క, ఉన్ని కంపు, ఎదురుగా నాలుగు ముళ్లు. తిన్నగా పోతున్నా పక్కకు ఒరిగిపోతున్నట్టు చెవి చెప్పేది. "చెవి మాట వినకు నర్సిమ్మా, ముల్లు మాట విను" అని గొట్టంలో సార్ గొంతు. వినబుద్ధి అయ్యేది కాదు. బయటికి చూడకపోతే ప్రాణం పోతున్నట్టుండేది. మూడో రోజు ఎడమ చెవి దగ్గర గొంగడికి శనగగింజంత చిల్లు కనిపించింది. అందులోంచి చూస్తే దూరాన చెరువు గట్టు, నేల అంచు. ఆ రోజునుంచి నా విమానం తొణకలేదు. "శభాష్, ఇప్పుడు దారిలో పడ్డావు" అని సార్ కాగితం మీద సంతకం పెట్టాడు. నేను సిగ్గుపడాల్సింది. అందరికీ ఆ కాగితం చూపించుకొని తిరిగాను.

ఆ వానాకాలం సూర్యాపేటలో గత్తర లేచింది. వాంతులు, విరేచనాలతో మనుషులు పూటకింత పోతున్నారు. రోడ్డు తెగింది. దవాఖానకు మందు నీళ్ల సీసాలు ఆరు పెట్టెలు చేర్చాలి. రెండు పెట్టెలు వెనక అరలో పడతాయి, నాలుగు ముందు సీట్లో. అంతకు వారం ముందే ఇంజను అంటించడానికి చేత్తో తిప్పుతుంటే విమానం పంకా వెనక్కి కొట్టి సార్ మణికట్టు విరిగింది, కట్టుతో ఉన్నాడు. "నువ్వొక్కడివే పోవాల. మా పిల్లగాడు నది దాటడని సైన్యం ఆఫీసరుకు మాటిచ్చినాను" అన్నాడు. ఇంజను మోగుతోంది. మబ్బు తాటిచెట్ల నెత్తిన ఉంది. నాకు ధైర్యం వచ్చి చెప్పలేదు, భయమేసి చెప్పాను.

"సార్, గొంగడికి చిల్లున్నది. దాంట్లకెళ్లి సూసి నడిపిన."

సార్ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ముందు సీట్లోని నాలుగు పెట్టెలు ఒంటిచేత్తో దించి, తను ఎక్కి కూర్చున్నాడు. "చేతులు నీవి, మాట నాది. పద" అన్నాడు.

మబ్బులోకి దూరగానే చెవి మొదలుపెట్టింది: ఎడమకు పడిపోతున్నావు, పడిపోతున్నావు. ముల్లు తిన్నగానే ఉంది. చిల్లు లేని తెల్లటి గొంగడి నాలుగు వైపులా. ఒక్కసారి కిందికి దించి చూద్దామని చేయి పీకుతోంది.

"దించమంటరా సార్?"

"లేచి ఎన్ని నిమిషాలయింది?"

"పదహారు."

"ఇరవై రెండుకు సూర్యాపేట. ఇరవై ఏడుకు మూసీ. గడియారం చూడు."

ఆ ఆరు నిమిషాలు నేను ఎట్లా కూర్చున్నానో నాకే తెలియదు. ఇరవై రెండుకు, నది మీదికి పోకుండా వెనక్కి మళ్లించి మెల్లగా దించమన్నాడు. "కోదాడలో ఎత్తు ముల్లు సున్నాకు పెట్టినం. సూర్యాపేట మిట్ట. అక్కడ నేల మీదున్నా మూడొందలడుగులు చూపిస్తది. ఆరొందలకు నేల కనబడకపోతే తిరిగి పోదాం." ఎనిమిది వందలు. ఏడు వందలు. ఆరు వందల యాభై దగ్గర కింద పొలాల నీళ్లు మెరిశాయి, వాటి వెనక పెంకుటిళ్లు. నాకు ఏడుపొచ్చింది.

దిగిన మైదానానికి దవాఖాన కాంపౌండరు ఎడ్లబండి తెచ్చాడు. లోపలికి తొంగిచూశాడు. "ఆరు పెట్టెలన్నరు గదా, రెండేనా?"

నేను నేల చూశాను. సార్ చెప్పాడు: "మిగతావి మా తప్పు వల్ల ఆగినాయయ్యా."

మా తప్పు. ఆ మాటలో ఆయన తన సంతకాన్ని కలుపుకున్నాడు. ఆ సాయంత్రంనుంచి మబ్బు నేలకు దిగింది. మిగిలిన నాలుగు పెట్టెలు మూడో రోజుకు గాని చేరలేదు. ఈలోపు దవాఖానలో ఎందరు పోయారో నేను అడగలేదు. ఇన్నేళ్లలో ఎన్నోసార్లు ఆ వాకిలిదాకా పోయి, అడగకుండానే తిరిగొచ్చాను.

కోదాడ చేరాక సార్ నా కాగితం చింపేశాడు. సూది, ఉన్నిదారం నా చేతికిచ్చి, "కుట్టు. మళ్లీ మొదటినుంచి" అన్నాడు. మళ్లీ నేర్చుకున్నాను, ఈసారి నిజంగా. తరువాత చాలామందికి నేర్పాను కూడా.

ఆ గొంగడి ఇప్పటికీ నా దగ్గరే ఉంది. కుట్టు వంకరగా, ముద్దగా ఉంటుంది. నిలకడ లేని చేతి పని కదా. దాని మీద వేలు పెడితే సార్ గొంతు వినిపిస్తుందనుకుంటాను. వినిపించేది మాత్రం ఆ కాంపౌండరు మాట: "రెండేనా?"