నాయన పొమ్మన్న సినిమా

మా నాయన పుంగనూరులో ఒక చిన్న సంఘానికి పాస్టరు. ఇంట్లో బైబిలూ కీర్తనల పుస్తకమూ కాక ఇంకొక్క పుస్తకం ఉండేది. అదొక పాత ప్రేమకథ నవల, వింటే పొట్ట చెక్కలయ్యేది. పొద్దు గూకినాక నాయనే గొంతులు మార్చి మార్చి అమ్మకూ నాకూ చదివి వినిపించేవాడు. అందులో పెండ్లిచూపులకు వచ్చిన వకీలును ఆ పిల్లే ఎదురు ప్రశ్నలేసి నవ్వులపాలు చేస్తుంది, "నన్ను చేసుకునే యోగ్యత నీకింకా రాలేదు" అని తిప్పి పంపుతుంది. ఆ తావుకొచ్చేసరికి నాయన కండ్లజోడు తీసి కండ్లు తుడుచుకునేవాడు.

"సూడు పాపా, ఆడబిడ్డంటే ఇట్లుండల్ల" అనేవాడు.

రెండో ప్రపంచ యుద్ధం జరుగుతా ఉన్న రోజుల్లో నేను మదనపల్లెలో మిషను బడిలో టీచరుగా చేరినాను. ఆ ఏడే ఆ నవలను సినిమాగా తీసినారు. మదనపల్లె డేరా టాకీసుకు వచ్చింది. మా సంఘంలో సినిమా అంటే పాపం కింద లెక్క. అందుకని ఇంటికొచ్చినప్పుడు నాయననే అడిగినాను.

"పోయిరా పాపా. దాంట్లో తప్పేముండాది? నేను పోతే బాగుండదు గానీ" అన్నాడు. అమ్మ పక్కనే బియ్యం ఏరుతా ఉంది.

తోటి టీచరమ్మతో కలిసి పోయినాను. తెర మీద ఆ పిల్ల వకీలుకు ఎదురు చెప్పనే లేదు. ఏడ్చింది, పాట పాడింది, చివరికి అతని కాళ్ల మీద పడింది. నవ్వులన్నీ వంటవాడికీ పనిమనిషికీ పంచేసినారు. నాకు ఒళ్లు మండిపోయింది. నా బాధ అర్థమయ్యేది నాయనకొక్కడికే అనిపించింది.

శనివారం, పెట్రోలు కరువై బొగ్గులతో నడిపే బస్సెక్కి, మసి కొట్టుకున్న మొహంతో ఇల్లు చేరినాను. నేను సినిమాకు పోయిన సంగతి అప్పటికే చెవినబడి సంఘ పెద్దలు తిన్నె మీద కూర్చోనుండారు. నాయన నా పక్క చూడలేదు. వాళ్లు పోయినాక కూడా ప్రసంగం రాసుకోవాలని గదిలోనే ఉండిపోయినాడు.

మరునాడు గుడిలో, ఆడవాళ్ల చాపల మీద అమ్మ పక్కన కూర్చున్నాను.

"మన బిడ్డలే, పిల్లోళ్లకు చదువు చెప్పే బిడ్డలే, తల్లిదండ్రులకు చెప్పకుండా సినిమా డేరాల్లో దూరుతాండారు" అన్నాడు నాయన. "నా ఇంట్లోనే ఈ తప్పు జరిగింది. నన్ను క్షమించండి."

తలలన్నీ నా వైపు తిరిగినాయి. తర్వాతి కీర్తన అందరూ పాడతా ఉంటే నేను పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకున్నాను.

ఇంటికి రాగానే అడిగినాను. "నువ్వే కదా నాయనా పొమ్మన్నావు?"

"నేనే పంపించినానంటే ఈ కొలువు ఉంటుందా పాపా? నీ మీద ఒక మాట పడితే ఏమి, నాలుగునాళ్లకు మర్సిపోతారు."

"నేను మర్సిపోతానా?"

అమ్మ పొయ్యి కాడ నుంచి లేచొచ్చింది. "పోయిరా అన్నది నేనూ ఇన్నాను. లేచి ఆడనే చెప్పాల్సింది. నాకూ నోరు రాలేదు" అని ఏడ్చింది.

ఆ మాట మదనపల్లె బడి దాకా పోయింది. హెడ్మిస్ట్రెస్ నన్నేమీ తిట్టలేదు, కుప్పంలో ఉండే మిషను బడికి మార్చేసింది. అక్కడ సగం మంది పిల్లలు ఇంట్లో అరవం మాట్లాడేవాళ్లు. వాళ్లకు అక్షరాలు దిద్దిస్తా, వాళ్ల మాటలు నేను నేర్చుకుంటా ఉన్నాను.

కొన్ని నెలలకు నాయన చూడను వచ్చినాడు. అన్నం తిని, చేయి కడుక్కుని, మెల్లగా అడిగినాడు. "ఆ సినిమా ఎట్లుండె పాపా?"

"బాగలేదు" అన్నాను. ఎందుకు బాగలేదో చెప్పమంటాడని తెలుసు. ఆయన తిన్న ఆకు మడిచి లేచి వెళ్లిపోయినాను.

తర్వాత సెలవులకు పోతానే ఉన్నాను. ఆయనకు జ్వరమొస్తే సేవ కూడా చేసినాను. నాకు సంబంధం తెచ్చినప్పుడు మాత్రం, "పిల్లోడు మంచోడు, నా మాట నమ్ము" అని ఆయనంటా ఉంటే, నేను అమ్మ వైపు తిరిగి, "నువ్వు చూసినావా?" అని అడిగినాను.